మబ్బేస్తేనే... లవ్లీ డే!

మే నెల. మిట్టమధ్యాహ్నం. నందిగామలో తారు రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. చెరకు రసం బండి దగ్గర తప్ప ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఆ వేళప్పుడు ఎవరైనా జేబులోంచి సెల్‌ఫోన్ తీసి వాతావరణం ఎలా ఉందో చూస్తే... తెర మీద పచ్చగా మెరిసిపోతున్న సూర్యుడి బొమ్మ. దాని కింద 44 డిగ్రీలు. పక్కనే ఒక్క మాట... ‘సన్నీ’!

ఆ మాట పుట్టిన దేశంలో అది పొగడ్త. మబ్బులూ మంచూ జల్లులతో నెలల తరబడి విసిగిపోయిన లండన్‌లో నాలుగు గంటలు ఎండ కాసిందంటే జనం పార్కులకు పరిగెడతారు. నందిగామలో ఎండ కాస్తే వేపచెట్టు నీడకు పరిగెడతారు. సూర్యుడు ఒక్కడే, మాటా ఒక్కటే. అర్థం మాత్రం తలకిందులు.

నందిగామ, జగ్గయ్యపేటలది మెట్ట ప్రాంతం. నిన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లాకు పడమటి కొస. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. అయినా పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ‘కృష్ణా మెట్టే’. విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద కంచికచర్ల, కీసర, ఐతవరం దాటితే నందిగామ. అక్కడి నుంచి చిల్లకల్లు మీదుగా ఇంకాస్త ముందుకు వెళితే జగ్గయ్యపేట. ఒకప్పుడు అది బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరున పట్టణాన్ని కట్టించాక జగ్గయ్యపేట అయింది.

దక్షిణాన కృష్ణమ్మ ఒరుసుకుని పారుతుంది. కానీ ఏం లాభం? నది కింద, పొలం పైన. నీళ్లు వాటంతటవే గట్టెక్కవు కదా! అవతల డెల్టా రైతు కాలువ వైపు చూస్తే, ఇవతల మెట్ట రైతు ఆకాశం వైపు చూశాడు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా ఏళ్ల తరబడి పట్టుపట్టి తిరిగింది అందుకే. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ ఈ మెట్టకీ వచ్చింది... కాకపోతే చివరికి వచ్చింది. చివరి భూములకు నీళ్లు అందడం ఎప్పుడూ అనుమానమే. కాబట్టి ఆకాశం వైపు చూసే అలవాటు ఇంకా పోలేదు.

ఇలాంటి ఊళ్లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లాడి సంగతి చూడండి. స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మంచి వాతావరణానికి విశేషణాలు పూలదండలా గుచ్చి ఉంటాయి. ఫైన్, ఫెయిర్, సన్నీ, బ్రైట్, వార్మ్, లవ్లీ, గ్లోరియస్. చెడ్డ వాతావరణానికి ఇంకో దండ... క్లౌడీ, డల్, గ్లూమీ, డార్క్. పిల్లాడు బుద్ధిగా బట్టీ పడతాడు. సాయంత్రం పడమటి దిక్కున నల్లటి మబ్బు లేచి చల్లగాలి వీస్తుంది. ఇంట్లో నాయనమ్మ వాకిట్లోకి వచ్చి, ‘అబ్బ, ఎంత హాయిగా ఉందో!’ అంటుంది. పుస్తకం ప్రకారం అది ‘గ్లూమీ’. నాయనమ్మ ప్రకారం ‘లవ్లీ’. మార్కులు మాత్రం పుస్తకానికే!

యూకేజీ పిల్లలకు నేర్పే ఇంగ్లీషు పద్యం ఒకటి వానను వెళ్లిపొమ్మంటుంది. ఇంకో రోజు రమ్మంటుంది. ఆ పద్యం కట్టినవాళ్ల ఊళ్లో అది సబబే. మన పల్లెల్లో మాత్రం వాన మొహం చాటేస్తే కప్పతల్లి ఆట ఆడతారు. రోకలికి కప్పను కట్టి ఇద్దరు భుజాన మోస్తూ ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. గుళ్లో విరాటపర్వం చదివిస్తారు, చదివితే వాన పడుతుందని నమ్మకం. వాన కోసం ఇన్ని పాట్లు పడే జనం పిల్లలు, స్కూలుకెళ్లి వానను పొమ్మని పాడుతున్నారు. తమాషాగా లేదూ?

* * *

కడుపు చల్లగా...

అసలు మన మంచి మాటలన్నీ చల్లటివే. ‘చల్లగా ఉండు నాయనా’ అని దీవిస్తాం. ‘నీ కడుపు చల్లగా’ అంటాం. ‘చల్లని తల్లి’, ‘చల్లని చూపు’, ‘చల్లటి కబురు’... అన్నీ చలువే. ఇంగ్లీషువాడు అతిథిని ‘వార్మ్’గా ఆహ్వానిస్తాడు, ఉత్తరం చివర ‘వార్మ్’ అభినందనలు పంపుతాడు. చలిదేశంలో వెచ్చదనమే ప్రేమ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే దేశంలో చల్లదనమే ప్రేమ. ఈ మధ్య కుర్రాళ్లు మెచ్చుకోలుకి ‘కూల్’ అంటుంటే మాత్రం నాయనమ్మలకు కొత్తగా ఏమీ అనిపించదు.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో వాతావరణం చెప్పాలంటే ముందు ఓ విశేషణం వెతుక్కోవాలి. తెలుగులో చాలాసార్లు క్రియే ఆ పని చేసేస్తుంది. మబ్బేసింది. మూసేసింది. ఎండ చుర్రుమంటోంది. ఉక్కపోస్తోంది. ముసురు పట్టింది. గాలి తిరిగింది. ఒక్కోటి ఒక్కో వార్త. ఏది ఎప్పుడు మొదలైందో, ఎటు పోతోందో అందులోనే తెలుస్తుంది. వాతావరణాన్ని బొమ్మలా గోడకు తగిలించి చూసేవాడికి విశేషణం చాలు. రేపు విత్తనం వేయాలా వద్దా అని తేల్చుకోవాల్సినవాడికి క్రియ కావాలి.

అలాగని ‘ఫైన్ వెదర్’కి మన దగ్గర మాట లేదనుకుంటే పొరపాటు. ‘తెరిపి’ ఉంది. నాలుగు రోజులు ముసురు పట్టి, ఇంట్లో బట్టలు ఆరక, పొయ్యిలో కట్టె మండక విసుగొచ్చిన వేళ వాన కాసేపు ఆగుతుంది చూడండి... అదీ తెరిపి. ‘వాన తెరిపిచ్చింది, సరుకులు తెచ్చుకుందాం పద’ అంటారు. పొద్దున్నే, పొద్దువాలాక కాసే మెత్తటి ఎండకు ‘నీరెండ’ అని పేరు. ఎండలో నీరు! నడినెత్తిన నిప్పులు చెరిగే సూర్యుణ్ని తెలిసినవాళ్లే అలాంటి మాట పుట్టించగలరు. నీరెండను ‘మైల్డ్ సన్‌షైన్’ అనొచ్చు. కానీ ఆ నీరు ఎటుపోయిందో!

* * *

ఏ నెలలో? ఏ పంటకి?

ఇలాగని మెట్టవాళ్లకు మబ్బు ఎప్పుడూ చుట్టమే అనుకోకూడదు. ఈ నేల మీద పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. జూన్‌లో మృగశిర ప్రవేశించాక పొలం దున్ని, పత్తి గింజ పెట్టి కూర్చున్న రైతుకు నల్లమబ్బు దేవుడు. అదే మబ్బు నవంబరులో పత్తి విచ్చుకుని తెల్లగా నవ్వుతున్నప్పుడు వస్తే, దూది తడిసి రంగు మారి ధర పడిపోతుంది. ఇక ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోసిన మిరపకాయలు కల్లాల మీద ఎర్రటి తివాచీల్లా పరచి ఉంటాయి. అప్పుడు కావాల్సింది ఎండే. ఎర్రటి ఎండ! ఆకాశంలో చిన్న మబ్బుతునక కనిపించినా గుండె గుభేలుమంటుంది. అర్ధరాత్రి ఉరిమితే ఇంటిల్లిపాదీ లేచి పట్టాలు పట్టుకుని కల్లం దగ్గరికి పరుగు. ఒక్కపూట తడిస్తే చాలు... కాయ తెల్లబారి తాలుకాయల్లో కలిసిపోతుంది. ఏడాది చాకిరీ, అప్పు తెచ్చిన పెట్టుబడి, ఇంట్లో పిల్ల పెళ్లి... అన్నీ ఆ పట్టా కిందే ఉంటాయి. ఆ రెండు నెలలూ ‘సన్నీ’ అన్న మాట మెట్టలో కూడా పొగడ్తే.

కాబట్టి ఇక్కడ ‘మంచి వాతావరణం’ అంటే ఎదురు ప్రశ్న వస్తుంది, ఏ నెలలో, ఏ పంటకి అని.

వాతావరణ శాఖవాళ్లకు మాత్రం ఈ గొడవ లేదు. వాళ్ల విశేషణాలకు కొలబద్ద ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే ‘భారీ’. 115.6 నుంచి ‘అతి భారీ’. 204.4 దాటితే ‘అత్యంత భారీ’. టీవీలో అత్యంత భారీ అన్నారంటే అది అరుపు కాదు, అంకె. మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు చేరి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే ‘వడగాడ్పు’. విశేషణాల్ని ఇంత పొదుపుగా వాడేవాళ్లు దేశంలో ఇంకెవరైనా ఉన్నారా అంటే అనుమానమే!

ఆ ‘అత్యంత’ ఎలా ఉంటుందో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికొచ్చింది. లారీలూ బస్సులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో జగ్గయ్యపేట, నందిగామ పరిసరాల్లో కుంభవృష్టి. విజయవాడ మునిగిన రోజులే అవి. వాన కోసం కప్పకు నీళ్లు పోసిన ఊళ్లే ఆ వారం వాన ఆగాలని మొక్కుకున్నాయి.

* * *

బీభత్సంగా ఉంది!

వాతావరణం సంగతి అలా ఉంచి, గొప్ప వస్తువుల్ని పొగిడే మాటల దగ్గరికొద్దాం. పెళ్లి ఎలా జరిగింది? ‘గ్రాండ్‌గా’. షాపు తెరిస్తే ‘గ్రాండ్ ఓపెనింగ్’. లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు మనం ఒక ‘గా’ తగిలించి పూర్తిగా సొంతం చేసేసుకున్నాం. సూపర్‌గా, ఫైన్‌గా కూడా ఆ దారినే వచ్చాయి.

ఫైన్ మాత్రం మనకు మొదట పరిచయమైంది జరిమానాగా. టికెట్ లేకపోతే ఫైన్, ఫీజు ఆలస్యమైతే ఫైన్. బాగుందనడానికీ డబ్బు కట్టమనడానికీ ఒకే మాటేమిటని మన పిల్లలు తికమకపడితే తప్పు వాళ్లది కాదు. రెండింటి వెనకా ఉన్నది ‘ముగింపు’ అనే అర్థమున్న లాటిన్ మాటే. తగాదాకు ముగింపు పలికే సొమ్ము ఒక ఫైన్. చివరికంటా చెక్కి తీర్చిన పనితనం ఇంకో ఫైన్.

‘గార్జియస్’ అంటే ఇవాళ పట్టుచీరల కొట్లో ప్రతి చీరా గార్జియస్సే. ఆ మాట ఫ్రెంచిలో కంఠం అనే మాట నుంచి వచ్చి ఉండొచ్చంటారు. మెడను అలంకరించేది అన్నమాట. కాసులపేరు వేసుకున్న పెద్దమ్మను గార్జియస్ అంటే అక్షరాలా సరిపోతుంది. ‘టెరిఫిక్’ అంటే మొదట్లో భయంకరం. వాడగా వాడగా భయం పోయి పొగడ్త మిగిలింది. ఇదేం విడ్డూరం అనుకోనక్కర్లేదు. సినిమా చూసొచ్చిన కుర్రాళ్లను అడగండి... ‘అరాచకం!’, ‘బీభత్సంగా ఉంది!’ అంటారు. ఇంగ్లీషువాళ్లు ఎప్పుడో చేసిన పనే వీళ్లూ చేస్తున్నారు. మనకు ఎప్పటి నుంచో ఉన్న ‘బ్రహ్మాండం’ మాత్రం తక్కువ తిందా? సృష్టి మొత్తం ఇమిడిన అండం అది. కొత్తావకాయ అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని బ్రహ్మాండం అనేస్తాం.

అన్నిట్లోకీ చిత్రమైన కథ ‘బ్రిలియంట్’ది. మెరవడమనే అర్థమున్న ఫ్రెంచి, ఇటాలియన్ మాటల్లోంచి వచ్చింది. ఆ మాటల వెనక బెరిల్ అనే రత్నం పేరుందని కొందరు పండితుల ఊహ. బెరిల్ ఏమో గ్రీకుల ద్వారా మన ప్రాకృతంలోని ‘వేరులియ’ నుంచి వెళ్లింది. అంటే మన వైడూర్యమే. ఆ ప్రాకృతానికీ మూలం దక్షిణ దేశపు మాటే కావచ్చంటారు. ఆ ఊహే నిజమైతే, మన ఊరి రాయి దేశాలన్నీ తిరిగి ప్రోగ్రెస్ కార్డు మీద ‘బ్రిలియంట్’గా దిగిందన్నమాట.

ఆ ప్రాకృతం రాళ్ల మీద చెక్కిన చోటు జగ్గయ్యపేటలోనే ఉంది.

* * *

బంగారు వాన కురిసిన గుట్ట

పట్టణం పక్కన చిన్న గుట్ట. పేరు ధనంబోడు. పేరులోనే ధనముంది! 1882లో స్కాట్లండ్‌కు చెందిన పురావస్తు పండితుడు జేమ్స్ బర్జెస్ ఇక్కడ బౌద్ధస్తూపాన్ని పరిశీలించాడు. సుమారు 30 అడుగుల వ్యాసం ఉన్న ఇటుకల కట్టడం, దాని చుట్టూ చెక్కిన రాతి పలకలు. అమరావతితో కలిపి జగ్గయ్యపేట స్తూపం మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1887లో అచ్చయింది. కొలతలు, బొమ్మలు, శాసనాల పాఠాలతో పట్టుగా సాగే పుస్తకం. ‘మాగ్నిఫిసెంట్’లు, ‘స్ప్లెండిడ్’లు గుప్పించి ఉంటే ఇవాళ ఎవరికీ పనికొచ్చేది కాదు. ఫలానా స్తంభం ఎన్ని అడుగులో చెప్పాడు కాబట్టే నూటనలభై ఏళ్ల తర్వాతా తెరిచి చూస్తున్నారు.

ఇక్కడ దొరికిన వాటిలో పేరుమోసింది మాంధాత చక్రవర్తి ఫలకం. సాధారణంగా క్రీస్తుపూర్వం 1వ శతాబ్దిదని చెబుతారు. తెల్లగా, లేత ఆకుపచ్చ జీరతో ఉండే పల్నాటి సున్నపురాయి. (జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు కూడా సున్నపురాయే. ఒకే రాతికి రెండు రాతలు!) నడుమ నిలువెత్తు చక్రవర్తి, తల మీద గొడుగు. చుట్టూ చక్రం, మణి, ఏనుగు, గుర్రం, రాణి... చక్రవర్తికి ఉండాల్సిన రత్నాలన్నీ. ఆయన కుడిచెయ్యి పైకెత్తి ఉంది. ఆ చెయ్యి పైన మబ్బులు. మబ్బుల్లోంచి కురుస్తున్నది నీళ్లు కాదు... నలుపలకల నాణేలు! ఆ కాలంలో చలామణీలో ఉన్న విద్ధాంక నాణేలే.

మాంధాత చెయ్యి ఆడిస్తే ధనం వర్షమై కురిసేదని బౌద్ధుల జాతక కథ. ఆ కథలో తరవాత ఆయన స్వర్గానికి వెళ్లి ఇంద్రుడి సింహాసనంలో సగం పంచుకుంటాడు. మిగతా సగం మీద కూడా మనసు పడి కిందికి జారిపోతాడు. శిల్పి ఆ పతనం చెక్కలేదు. వాన దగ్గరే ఆగిపోయాడు.

ఎందుకాగాడో మెట్ట రైతుకు వేరే చెప్పాలా? లోకంలోకెల్లా వైభవంగా ఉండేదాన్ని చెక్కమంటే సూర్యోదయాన్ని చెక్కలేదాయన, మబ్బును చెక్కాడు. ఇంగ్లీషులో వాడి వాడి అరిగిపోయిన విశేషణాలన్నీ ఒక పలక మీద పోగేసినా ఆ చెయ్యెత్తిన తీరుకు సాటిరావు. విచారం ఏమిటంటే దాన్ని చూడాలంటే జగ్గయ్యపేటలో కుదరదు. చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలి. చరిత్ర పుస్తకంలో ఫొటో చూసి, ఇది మన ఊరిదా అని ఆశ్చర్యపోయే పేట పిల్లలుంటారు.

* * *

ఒక మేస్త్రి, ఒక తేదీ

స్తూపం తూర్పు వాకిట నిలబెట్టిన ఆయక స్తంభాల మీద ఓ శాసనం ఉంది. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. క్రీస్తుశకం 3వ శతాబ్ది. విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏడాది. రాయించింది రాజు కాదు, మంత్రి కాదు... సిద్ధత్థుడనే మేస్త్రి. ఆయన నాన్నదీ అదే వృత్తి. వేలగిరి గ్రామంలో బుద్ధ భగవానుడి మహాచైత్యానికి తూర్పు వాకిట ఐదు స్తంభాలు నిలిపానని చెబుతాడు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలు... రేషన్ కార్డులో రాయించినట్టు ఇంటిల్లిపాదినీ వరసపెట్టి రాయించాడు. సమస్త ప్రాణుల హితం కోసం, సుఖం కోసం తానిచ్చిన కానుక అన్నాడు. అంతే.

మొత్తం శాసనంలో పొగడ్తగా ఉన్నవి ‘భగవంతుడు’, ‘మహా’ లాంటి ఒకటి రెండు మాటలే. ‘మాగ్నిఫిసెంట్’ ముందు భాగంలో ఉన్న లాటిన్ ‘మాగ్నస్’కి మన ‘మహా’ దూరపు చుట్టమే. వేల ఏళ్లనాటి ఒకే వేరు నుంచి రెండూ చీలాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. సిద్ధత్థుడికి ఆ ఒక్క ‘మహా’ చాలింది. తన స్తంభాలు ఎంత అందంగా ఉన్నాయో ఎక్కడా చెప్పలేదు.

తేదీ మాత్రం మర్చిపోలేదు. అదీ ఎలా వేశాడంటే... వానాకాలం 8వ పక్షం, 10వ రోజు! అప్పట్లో ఏడాదిని ఎండాకాలం, వానాకాలం, చలికాలంగా విడగొట్టి ఒక్కోదానికి నాలుగేసి నెలలు, ఎనిమిదేసి పక్షాలు లెక్కపెట్టేవారు. ఎనిమిదో పక్షమంటే వానాకాలపు చిట్టచివరి పక్షం. మన లెక్కలో దాదాపు కార్తీక మాసపు రోజులు.

మెట్టలో ఏడాది మొత్తానికి బాగుండే రోజులవే. ముసురు పోయి ఉంటుంది, మంచు ఇంకా దిగదు. వాగుల్లో నీళ్లు తేరుకుంటాయి. వేదాద్రి నరసింహస్వామి గుడి దగ్గర కృష్ణలో కార్తీక స్నానాలు సాగుతుంటాయి. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా దారికి రెండువైపులా పత్తి విచ్చుకుని ఉంటుంది. పొద్దున్నే ఆటోల్లో దిగిన కూలీలు తలకు గుడ్డ చుట్టుకుని, ఒడికి సంచి కట్టుకుని సాళ్లలోకి దిగుతారు. ధనంబోడు చూడాలనుకునేవాళ్లు ఆ రోజుల్లో బయల్దేరితే మేలు. విజయవాడ నుంచి హైవే మీద రెండు గంటల్లోపే చేరుకోవచ్చు. గుట్ట ఎక్కేది పొద్దున తొమ్మిదింటికి ముందైతే నీరెండ ఉంటుంది. మే నెలలో మాత్రం వద్దు... ఫోన్‌లో ఎంత ‘సన్నీ’ అని ఊరించినా సరే!